నలుగురూ వద్దనే సలహాలు

మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టల్ మెట్ల మీదైనా, నానక్‌రామ్‌గూడ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా ఈఎంఐ బౌన్సయిన మనిషికి దొరికే సలహాలు ఒక్కలాగే ఉంటాయి. తెలియని నంబరు ఎత్తకు మామా. బ్లాక్ చేసి పడెయ్. సిమ్ మార్చెయ్. ఇంట్లో చెప్పకు, పెద్దవాళ్లు తట్టుకోలేరు. ఆఫీసులో అసలే వద్దు. ఎవడు ఎక్కువ సతాయిస్తున్నాడో వాడికి ముందు కట్టేసి పీడ వదిలించుకో.

2023లో ప్రాజెక్టు పోయి, కొన్నాళ్లు బెంచి మీద కూర్చోబెట్టి, ఆఖరికి రాజీనామా రాయించుకున్నాక నేను వీటన్నిటినీ తు.చ. తప్పకుండా పాటించాను. అప్పటికి నా బాకీ 9 లక్షల 40 వేలు. పర్సనల్ లోను 5 లక్షల 60 వేలు, ఒక క్రెడిట్ కార్డు మీద లక్షా 90 వేలు, ఇంకో కార్డు మీద లక్షా 30 వేలు, రెండు లోన్ యాప్‌లలో కలిపి 60 వేలు. ఫోన్ ఎత్తకపోతే నా స్నేహితులకు వెళ్లింది. సిమ్ మార్చితే ఊళ్లో బాబాయికి వెళ్లింది. ఎక్కువ అరిచినవాడికి కడితే తక్కువ అరిచినవాడి దగ్గర వడ్డీ పెరిగింది. నాలుగు నెలలు అలా నలిగాక ఆ సలహాలను ఒక్కొక్కటే తిరగేశాను. అలా తిరగేసినవే ఇవి. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు "నీకు పిచ్చా?" అన్నారు. పిచ్చి కాదు, 2025 చివర్లో ఆఖరి కిస్తీ కట్టాను.

సలహాల్లోకి వెళ్లే ముందు ఒక్క సంగతి. పర్సనల్ లోన్లనీ, కార్డు బాకీలనీ బ్యాంకులు హామీ లేని అప్పులంటాయి. పొలం కాగితం అడగరు, బంగారం అడగరు. అడగకుండానే తీసుకునేది ఒకటుంది, పరువు. రికవరీ ఫోన్లన్నీ ఆ తాకట్టు మీదే నడుస్తాయి. మీ అప్పు సంగతి ఎవరికి తెలియకూడదని మీరు వణుకుతున్నారో, వాళ్ల పేర్లే అవతలివాడి ఆయుధాలు. కాబట్టి డబ్బు కట్టడం మొదలుపెట్టక ముందే ఆ తాకట్టును విడిపించుకోవాలి. దానికి రూపాయి ఖర్చు లేదు, గుండె ధైర్యం మాత్రం చాలా కావాలి.

అమ్మకు మీరే చెప్పండి, ఇవాళే

మాది సత్తుపల్లి దగ్గర ఊరు. అమ్మకు చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఏడుస్తుందనుకున్నాను. అంతా విని, "వడ్డీ ఎంతరా?" అంది. కార్డు మీద ఏడాదికి నలభై రెండు శాతం అన్నాను, అర్థం కాలేదు. నెలకు నూటికి మూడున్నర అన్నాను. "మూడున్నర రూపాయల వడ్డీకి తెచ్చినవా? మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తేనే ఆ ఇల్లు మునిగిందంటరు" అంది. బీటెక్ చదివి, పదకొండేళ్లు కోడ్ రాసిన నాకు యాప్ తెరమీద శాతాల్లో చూసినప్పుడు తగలని దెబ్బ ఆ మాటతో తగిలింది.

తర్వాత ఆవిడ చెప్పింది నేను మరిచిపోయిన కథ. 2010కి ముందు మా వీధిలో అయిదుగురు ఆడవాళ్లు మైక్రోఫైనాన్స్ గ్రూపులో ఉండేవారు, అమ్మ కూడా. వారం వారం కిస్తీ. ఒకరు కట్టలేకపోతే మిగతా నలుగురిని కూర్చోబెట్టేవారు. వసూలుకు వచ్చినవాళ్లు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లకు వినబడేలా అడిగేవారు. ఆ బాధ తాళలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు 2010లో పేపర్ల నిండా వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కిస్తీ కట్టేది ఇంటి గడప దగ్గర కాదని, పంచాయతీ ఆఫీసులోనో కలెక్టరు చూపించిన బహిరంగ స్థలంలోనో అని తేల్చింది. "అప్పుడు అరుగు మీద కూసున్నరు, ఇప్పుడు నీ ఫోన్ల కూసున్నరు, అంతే కదరా" అంది అమ్మ. ఆ రోజు తర్వాత "మీ అమ్మకు ఫోన్ చేస్తా" అన్నవాడికి నేను చెప్పిన జవాబు ఒకటే: చెయ్యండి, ఆమెకు అసలెంతో వడ్డీ ఎంతో పైసలతో సహా తెలుసు. ఆ బెదిరింపు మళ్లీ రాలేదు.

అమ్మతో ఆగకండి. లోను తీసుకునేటప్పుడు రిఫరెన్సుగా ఇచ్చిన ఇద్దరు ముగ్గురికీ, తరచుగా మాట్లాడే వాళ్లకూ వాట్సాప్‌లో ఇలా పంపండి. నేను పంపింది ఇదే: "నా లోను కిస్తీలు ఆలస్యమవుతున్నాయి. నెమ్మదిగా కడుతున్నాను. ఎవరైనా ఫోన్ చేసి నా గురించి అడిగితే మీరేమీ కట్టనక్కర్లేదు, ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ నంబరు, టైము నాకు పంపండి చాలు." నలభై మందికి పంపాను. ఇద్దరు జవాబివ్వలేదు. ముగ్గురు, మేమూ ఇలాగే ఉన్నాం అన్నారు. అందులో ఒకతను నా పక్క క్యూబికల్‌లో మూడేళ్లు కూర్చున్నవాడు.

ఆఫీసు విషయంలో మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లకు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు కూడా చూసే కంపెనీలున్నాయి. కాబట్టి క్యాంటీన్ అంతా చాటొద్దు. అయితే రికవరీవాడు హెచ్ఆర్‌కు మెయిల్ పెడతానన్న రోజున, అతనికంటే ముందు మీ మేనేజరుకు నాలుగు వాక్యాలు మీరే చెప్పండి. కొత్త ఉద్యోగంలో చేరిన రెండో నెలలో నేను చెప్పాను. ఆయన విని, రిసెప్షన్‌కు వచ్చే అలాంటి ఫోన్లు కలపొద్దని ఒక మాట చెప్పి ఊరుకున్నారు.

ఫోన్ ఎత్తండి, సిమ్ మార్చకండి

రోజుకు అరవై ఫోన్లు వస్తే అరవై మంది పగబట్టారనిపిస్తుంది. చేస్తున్నది చాలావరకు ఒక డయలర్ సాఫ్ట్‌వేర్. అది వరసగా నంబర్లు కొడుతుంది, ఎత్తినవాళ్లను ఖాళీగా ఉన్న కుర్రాడికి కలుపుతుంది. ఆ కుర్రాడు కాల్ అయ్యాక ఒక కోడ్ నొక్కాలి. ఎత్తలేదు, స్విచాఫ్, కడతానన్నాడు, కట్టనన్నాడు, ఇలా. ఎత్తని నంబరు మళ్లీ వరసలోకి వస్తుంది. నాలుగు రోజులు ఎత్తకపోతే "మనిషి దొరకడం లేదు" అనే గంపలోకి పోతుంది. అక్కడి నుంచి రిఫరెన్సులకు ఫోన్లు, ఇంటికి మనుషులు. సిమ్ మార్చినవాడిని ఆ గంపలోకి తనంతట తానే దూకినవాడిగా చూస్తారు. ఇది ఊహించి రాయడం లేదు. బేగంపేటలో అలాంటి సీట్లో రెండేళ్లు కూర్చున్న నా హాస్టల్ రూమ్మేట్ చెప్పాడు, నా నంబరు మీద పరీక్షించి చూసుకున్నాను.

నేను చేసింది ఇది. ఒక్కో అప్పుకు రోజుకు ఒక ఫోన్ ఎత్తేవాణ్ని. భోజనం అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి, మైండ్‌స్పేస్ గేటు బయట చెట్టు కింద నిలబడి. కాల్ రికార్డింగ్ పెట్టేవాణ్ని. నాలుగు ప్రశ్నలు అడిగేవాణ్ని. మీ పేరేమిటి, ఏ ఏజెన్సీ, ఏ బ్యాంకు తరఫున, నా లోను ఖాతా ఆఖరి నాలుగు అంకెలేమిటి. జవాబులు పుస్తకంలో రాసుకునేవాణ్ని. నా పరిస్థితి రెండు వాక్యాల్లో చెప్పి, మిగతాది మెయిల్‌లో రాస్తాను అని పెట్టేసేవాణ్ని. తిరిగి కేకలు వేసేవాణ్ని కాదు. వేస్తే ఆ రికార్డింగు నాకే పనికిరాదు.

ఆ ప్రశ్నలకు బలం ఉంది. 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం బకాయి వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. కుటుంబ సభ్యుల, స్నేహితుల, రిఫరెన్సుల జీవితాల్లోకి చొరబడకూడదు. పదే పదే ఫోన్లు చేయడం కూడా ఆ నిషేధాల్లోనే ఉంది. ఏజెన్సీ చేసిన తప్పుకు బాధ్యత అప్పిచ్చిన సంస్థదే. యాప్ ద్వారా ఇచ్చిన అప్పయితే, ఏ ఏజెంటు మిమ్మల్ని కలవబోతున్నాడో ముందుగా ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్‌లోనో తెలియజేయాలి. ఈ సంగతులు ఫోన్లో ఉపన్యాసంలా చెప్పకండి. టైము, తేదీ, మాట రాసుకోండి. పది రోజుల పుస్తకం చేతిలో ఉంటే ఫిర్యాదు దానంతట అదే తయారవుతుంది.

"రేపు కడతాను" అనే మాట నోట రానీయకండి

ఫోన్ పెట్టించడానికి అందరం అనే మాట అదే. అటువైపు కుర్రాడికి కావలసిందీ అదే. వాళ్ల భాషలో పీటీపీ, అంటే కడతానని ఇచ్చిన మాట. మీరు శుక్రవారం అంటే అతని ఆ రోజు లెక్క నిండుతుంది. శుక్రవారం మీరు కట్టకపోతే శనివారం ఫోన్ చేసేవాడి గొంతు మారుతుంది, ఎందుకంటే ఇప్పుడు మీరు అప్పు ఎగ్గొట్టినవాడే కాక మాట తప్పినవాడు కూడా. నేను ఆ నాలుగు నెలల్లో కనీసం ముప్పై సార్లు మాట తప్పాను. డబ్బు లేకపోవడం కన్నా అదే నన్ను ఎక్కువ చిన్నబుచ్చింది.

కాగితం మీద జీతం, అద్దె, తిండి, ఇంటికి పంపేది రాసి, మిగిలేది ఎంతో తేల్చుకోండి. అది మూడు వేలయితే మూడు వేలే. "ప్రతి నెలా 5వ తేదీన ఇంత కట్టగలను, నా పరిస్థితి ఇది, కిస్తీ తగ్గించి గడువు పెంచండి" అని బ్యాంకు గ్రీవెన్సు ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. ఒప్పుకోకపోవచ్చు. అయినా 5వ తేదీన ఆ మొత్తం కట్టండి. మాట ఇచ్చేది తక్కువకు, నిలబెట్టుకునేది పూర్తిగా.

అరిచేవాడికి ఆఖరున కట్టండి

నా స్నేహితులు అన్నిటికంటే ఎక్కువ వ్యతిరేకించిన సలహా ఇది. నాకు ఎక్కువ ఫోన్లు చేసింది 60 వేల యాప్‌లవాళ్లు. నోరు మెదపకుండా మెయిల్‌లో స్టేట్‌మెంటు పంపుతూ కూర్చున్నది లక్షా 90 వేల కార్డు. ఆ కార్డు లెక్క చూడండి. నెలకు మూడున్నర చొప్పున వడ్డీ 6,650. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,197. మొత్తం 7,847 రూపాయలు. మినిమం డ్యూ అయిదు శాతం అనుకుంటే 9,500. అది కడితే అసలులో తగ్గేది 1,653 రూపాయలు. అంత నిశ్శబ్దంగా మనిషిని తినే అప్పు ఇంకోటి లేదు. నేను మాత్రం అరుపుకు భయపడి చేతికొచ్చినదంతా యాప్‌లకు ఇచ్చి, కార్డును వదిలేశాను.

అప్పులన్నీ ఒక కాగితం మీద వడ్డీ వరసలో రాయండి, నెలకు నూటికి ఎన్ని రూపాయలో మన పద్ధతిలో. అన్నిటికీ ఎంతో కొంత కడుతూ, మిగిలిన ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ ఉన్నచోట పెట్టండి. ఫోన్ల సంఖ్యను ఆ కాగితం మీదకు రానీయకండి.

ఇక్కడే ఇంకో చెడ్డ సలహా ఇస్తాను: అమ్మ గొలుసు తాకట్టు పెట్టండి. కన్నతల్లి మెడలోది తీయడం పాపమని నేనూ అనుకున్నాను. అడగలేదు, ఆమే తీసి ఇచ్చింది. ప్రభుత్వ బ్యాంకులో బంగారం మీద అప్పుకు వడ్డీ నూటికి రూపాయి కూడా పడలేదు. ఆ డబ్బుతో మూడున్నర రూపాయల కార్డు మూసేశాను. గొలుసు తాకట్టు పెడితే గొలుసు బ్యాంకు లాకర్‌లో ఉంటుంది, దాని కోసం ఎవరూ మా బాబాయికి ఫోన్ చేయరు. షరతు ఒకటే. కార్డును మూసేయాలి, కత్తిరించాలి, మళ్లీ తీసుకోకూడదు. తాకట్టు డబ్బుతో రెండు నెలల కిస్తీలు మాత్రం నెట్టుకురావాలనుకుంటే గొలుసు ముట్టుకోకండి. పాత యాప్‌ను కట్టడానికి కొత్త యాప్‌ను ఎక్కించుకోవడం అంతకన్నా వద్దు.

వారెంటు అన్నప్పుడు భయపడకండి, సమన్లు వస్తే మాత్రం వెళ్లండి

వాట్సాప్‌లో ఎర్ర ముద్రతో "అరెస్టు వారెంటు" వస్తుంది. సాయంత్రం గచ్చిబౌలి పోలీసులు వస్తున్నారు అంటారు. డబ్బు లేక కిస్తీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి ఎవరూ అరెస్టు చేయరు. కానీ ఈ ధైర్యానికి ఒక హద్దుంది, చాలామంది అది చెప్పరు. మీరిచ్చిన చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు వేయొచ్చు. ఆటోడెబిట్ బౌన్సయినా 2007 నాటి పేమెంట్స్ చట్టంలోని 25వ సెక్షను అలాంటిదే. కాబట్టి పోస్టులో అసలు నోటీసు వస్తే తలగడ కింద పెట్టకండి. లోక్ అదాలత్ నోటీసు వస్తే సంతోషంగా వెళ్లండి. నా రెండో కార్డు అక్కడే తేలింది. కూకట్‌పల్లి కోర్టు వరండాలో బ్యాంకు మనిషి పక్కన బెంచీ మీద కూర్చుని మాట్లాడాను. ఫోన్లో పులిలా ఉండే వ్యవహారం ఎదురుగా కూర్చుంటే కాగితాల కట్ట అయింది.

సగం కట్టు, సెటిల్‌మెంటు చేసేస్తాం అని ఫోన్లో చెప్పే ఆఫర్‌కు ఆ క్షణంలో ఒప్పుకోకండి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఖాతా నంబరు, మొత్తం, తేదీ ఉన్న ఉత్తరం వచ్చాకే పైసా కదపండి. కదిపినా లోను ఖాతాలోకే, ఏజెంటు ఫోన్‌పే నంబరుకు కాదు. సెటిల్ అయిన అప్పు సిబిల్ రిపోర్టులో క్లోజ్డ్ అని కాక సెటిల్డ్ అనే పడుతుంది, రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అడుగుతారు. తెలిసే ఒప్పుకోండి.

ఫొటోలు మార్ఫ్ చేస్తామంటే కట్టకండి

ఇలా బెదిరించే యాప్‌లది వేరే జాతి. 2020 డిసెంబరులో, లాక్‌డౌన్ తర్వాతి రోజుల్లో, ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఒక ప్రభుత్వోద్యోగి సహా కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు తవ్వితే కాల్ సెంటర్లు గురుగ్రామ్‌లోనూ, మన హైదరాబాద్‌లోనూ బయటపడ్డాయి. వారం పది రోజుల గడువుకు చిన్న చిన్న మొత్తాలు ఇచ్చి, కాంటాక్టులన్నీ లాక్కుని, బంధువులతో వాట్సాప్ గ్రూపులు పెట్టి దొంగ అని ముద్ర వేసేవారు. ఆ గొడవ తర్వాతే 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మీద కమిటీ వేసింది. భారతీయుల ఫోన్లకు దొరుకుతున్న దాదాపు 1,100 అప్పుల యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని ఆ కమిటీ తేల్చింది. 2022 సెప్టెంబరు నుంచి ఏ అప్పుల యాప్ కూడా మీ కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోలు తీసుకోకూడదు. 2025 జూలై నుంచి బ్యాంకులు, బ్యాంకేతర ఆర్థిక సంస్థల (ఎన్‌బీఎఫ్‌సీల) తరఫున నడిచే యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంది. మీ యాప్ అందులో ఉందో లేదో చూడండి. ఉంటే అది అప్పు, కట్టండి. వెనక ఏ సంస్థా లేకుండా ఫొటోలతో బెదిరిస్తే అది దోపిడీ. కట్టిన కొద్దీ అడుగుతూనే ఉంటాడు. స్క్రీన్‌షాట్లు తీసి 1930కు, సైబర్ క్రైమ్ పోర్టల్‌కు ఆ గంటలోనే చెప్పండి.

బ్యాంకు, ఎన్‌బీఎఫ్‌సీల మీద అయితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఆన్‌లైన్‌లోనే, ఉచితంగా. సందేహాలకు రిజర్వు బ్యాంకు నంబరు 14448. నేను ఒకే ఒక్క ఫిర్యాదు పెట్టాను, పుస్తకంలోని పన్నెండు తేదీలతో. రాత్రి ఫోన్లు ఆగిపోయాయి.

రాత్రుల గురించి ఇంకో మాట. దుర్గం చెరువు వంతెన మీద వెలుతురు చూస్తూ నేను ఎక్కువసేపు నిలబడ్డ రోజులున్నాయి. అక్కడికి ఫొటోల కోసం వెళ్లలేదు. మీకూ అలాంటి రోజు వస్తే అప్పు లెక్క పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది టెలీమానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. లేకపోతే పక్క గదిలో ఎవరున్నా తలుపు కొట్టండి. ఇందులో తిరగేయడానికి ఏమీ లేదు.

ఆఖరి కిస్తీ అయ్యాక నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. నెల తర్వాత సిబిల్ రిపోర్టు తీసి చూడండి. తప్పుంటే రాయండి, 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. రికార్డింగులు మూడేళ్లు ఉంచండి. పాత బాకీని ఇంకో ఏజెన్సీకి అంటగట్టడం జరుగుతూనే ఉంటుంది. నాకు మొన్న మార్చిలో కూడా ఒక ఫోన్ వచ్చింది, ఎప్పుడో మూసేసిన కార్డు గురించి. సర్టిఫికెట్ పంపాను, పెట్టేశాడు.

ఫోన్ ఇప్పటికీ సైలెంట్‌లోనే ఉంటుంది, ఆ అలవాటు పోలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు మాత్రం రింగు పెడతాను. సీరియల్ అయ్యాక అమ్మ చేస్తుంది. గొలుసు విడిపించి ఇచ్చి ఆర్నెల్లయినా, మొదట "తిన్నవా" అంటుంది, తర్వాత "ఇంకేమన్నా ఉన్నయారా?" అంటుంది.